పిడికెడు కంచె బియ్యం

నాట్ల వారం, సోమవారం

నీడలకు మేత మార్చాను. ప్రార్థన చేసి మరీ మార్చాను. డాక్టర్ రజియా గారు నన్ను ఈ గదిలో పనికి పెట్టుకున్న రోజునే చెప్పారు: "ఏం చేశారో రోజూ రాయండి పరంజ్యోతి గారూ. ఏం అనుకున్నారో అక్కర్లేదు." నేను రెండూ రాస్తాను. లోపల ఏమీ అనుకోకుండా చేతులు మాత్రం ఆడించే పని నా వల్ల కాదు. మంచు బావిలో డ్రిల్లు పట్టినప్పుడూ అంతే, ఆదివారం వాక్యం చెప్పేటప్పుడూ అంతే.

నీడ అంటే రోగి గడ్డలోంచి తీసిన రవ్వంత ముక్క. గాజు పలకలో చిన్న గుంట, గుంటలో ఆ ముక్క, దానికి వెచ్చటి ఉప్పునీళ్ళు, చక్కెర, కాస్త సత్తువ. మనిషి ఒంట్లో ఎలా బతికిందో ఇక్కడా అలాగే బతుకుతుంది. మనిషికి ఇవ్వబోయే మందు ముందు నీడకు ఇస్తాం. నీడ చస్తే ఏడ్చేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం వరి సొరంగంలో నాట్లకు నా వంతు వచ్చింది. మడులన్నీ కంచె వరి, చివరి మడి ఒక్కటే తెల్ల వరి. పైన అంగారకుడి నేల మీద కిరణాలకు అడ్డం లేదు, గుహ కప్పు ఎంత మందమైనా ఎంతో కొంత కారుతూనే ఉంటాయి. అందుకని పెద్దవాళ్ళం కంచె బియ్యం తింటాం. ఎర్ర గింజ. దారి తప్పిన కణం గడ్డ కాకుండా పట్టి ఉంచే మందు ఆ గింజలోనే పుడుతుంది. ఎదిగే ఒంటికి అది పడదు గనక పిల్లలకూ బాలింతలకూ తెల్ల బియ్యం. మా రెహోబోతులో ఒక కుర్రాడు పెద్దవాడయ్యాడని చెప్పాలంటే, వాడి కంచం ఎర్రబడింది అంటాం.

ఈ వారం నుంచి నా పలకలో మా వదిన నీడ కూడా ఉంది.

నాట్ల వారం, బుధవారం

సలోమమ్మ మా అన్న భార్య. అన్న పోయాడు గానీ నన్ను తిట్టే హక్కు ఆమెకు పోలేదు. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ముందుగా ఒక పిడికెడు తీసి దేవుడి పేరిట పక్కన పెట్టడం మా అమ్మమ్మల ఆచారం. గోదావరి గట్టు మీది ఆ పిడికిలిని ఈ గుహ దాకా మోసుకొచ్చింది వదినే. శనివారం ఇళ్ళన్నీ తిరిగి బుట్ట నింపుతాం, ఎవరింట్లో జబ్బు ఉంటే బుట్ట ఆ ఇంటికి పోతుంది.

ఈసారి జబ్బు ఆమెదే. రొమ్ములో గడ్డ ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు వెన్నెముకలో తేలింది.

"తీసేసింది మళ్ళీ ఎలా వచ్చింది డాక్టరమ్మా?" అని వదిన అడిగింది.

"తీసేయక ముందే బయల్దేరాయమ్మా. గడ్డ నుంచి రోజూ బోలెడు కణాలు రక్తంలో పడి కొట్టుకుపోతాయి. దాదాపు అన్నీ చస్తాయి. ఎక్కడో ఒకటి ఎముకలో చేరి, గుట్టుగా నిద్రపోయి, ఎన్నాళ్ళకో లేస్తుంది."

"మా మరిదిలాగే. ఆరాధనలో నిద్రపోయి చివరి పాటకు లేస్తాడు."

నా చిన్నప్పటి సంగతి అది. ఇప్పుడు ఆరాధన నడిపేది నేనే.

రజియా గారు వైద్యం వివరించారు. గడ్డలో రెండు రకాల కణాలున్నాయి. మందుకు చచ్చేవి వినే కణాలు. చావనివి మొండి కణాలు. ఈ మొండివి మందును బయటికి తోడేసుకుంటూ బతుకుతాయి. ఆ తోడే పనికే వాటి సత్తువంతా పోతుంది. మందు లేనప్పుడు వినే కణాలే చురుగ్గా పెరిగి మొండివాటి చోటు లాక్కుంటాయి. కాబట్టి పూర్తిగా చంపకూడదు. కొన్నాళ్ళు మందు, కొన్నాళ్ళు విరామం. విరామంలో వినేవి తిరిగి పెరగాలి, మొండివాటిని అణచాలి, అప్పుడు మళ్ళీ మందు. ఇలా ఏళ్ళ తరబడి గడ్డను గుప్పిట్లో ఉంచవచ్చు.

నాకు ఒళ్ళు మండింది. "శత్రువును సగం చంపి వదిలేయడమా? సౌలు రాజు చేసిందదే. అంతా హతం చేయమంటే కొవ్విన పశువుల్నీ శత్రు రాజునూ దాచుకున్నాడు. సింహాసనం పోయింది. డాక్టరమ్మా, ఇది వైద్యం కాదు, సంధి."

రజియా గారు ఓపిగ్గా విన్నారు. "ఒక్కసారిగా అంతా కాల్చేస్తే వినేవన్నీ పోతాయి, మొండివి మిగులుతాయి. అడ్డంలేని పొలం వాటికి దొరుకుతుంది. మీ గ్రంథంలో ఉందో లేదో గానీ, నా పలకల్లో అదే జరిగింది."

"ఉంది," అంది వదిన. నా వైపు చూసింది. "కనాను దేశం ఇచ్చేటప్పుడు దేవుడు ఏమన్నాడు మరిదీ? ఒక్క ఏడాదిలో వాళ్ళను వెళ్ళగొట్టను, వెళ్ళగొడితే దేశం పాడుపడి అడవి మృగాలు నీ మీదికి పెచ్చుపెరుగుతాయి, కొంచెం కొంచెంగా వెళ్ళగొడతాను అనలేదూ? నీకు ఊపు వచ్చే వాక్యాలే గుర్తుంటాయి."

ఉన్న మాట ఒప్పుకోవాలి. ఆ వాక్యం మీద నేను ఎప్పుడూ ప్రసంగం చేయలేదు.

నాట్ల వారం, ఆదివారం

చేశాను. కొంచెం కొంచెంగా వెళ్ళగొట్టే దేవుడి గురించి గుహ అదిరేలా చెప్పాను. చివర్లో సారెపతు విధవరాలి దగ్గరికి వచ్చాను. తొట్టిలో పట్టెడు పిండి మిగిలిన ఆవిడ ముందు ప్రవక్తకు రొట్టె చేసి పెట్టింది, తొట్టి తరగలేదు. "సంఘమా, మన పిడికిలి కోసం ఇల్లిల్లూ తిరిగిన చెయ్యి ఇవాళ మంచం పట్టింది. మీ పిడికిలి చిన్నది చేసుకుంటారా, పెద్దది చేస్తారా?"

పెద్దదే చేశారు. బుట్ట చాలక రెండోది తెచ్చాను. నా భుజం మీదే మోసుకెళ్ళి వదిన గడపలో దించాను.

వరి పిలకల దశ, గురువారం

మొదటి విడత మందు బాగా పనిచేసింది. వెన్నునొప్పి తగ్గి వదిన లేచి కూర్చుంది. గడ్డ బరువు తగ్గింది. మందు ఆపారు. ఇక విరామం.

నా పలకలో ఆమె నీడ చెప్పినట్టే నడుస్తోంది. మందు నీళ్ళు తీసేసి ఉత్త నీళ్ళు పోశానో లేదో, వినే కణాలు చిగురు వేసినట్టు లేచాయి. వాటికి పచ్చరంగు, మొండివాటికి ఎర్రరంగు కనబడేలా అద్దకం వేస్తాం. పలక నిండా పచ్చ. స్తోత్రం.

కానీ వదిన రక్తం అలా చెప్పడం లేదు. విరామంలో పెరగాల్సిన వినే కణాలు పెరగలేదు. మొండివే పైకి వస్తున్నాయి.

"ఇంకో విడత చూద్దాం," అన్నారు రజియా గారు. ముఖం మాత్రం ఆ మాట అనలేదు.

పొట్ట దశ, మంగళవారం

రెండో విరామమూ అలాగే గడిచింది. పలకలో పచ్చ, వదిన రక్తంలో ఎర్ర.

రజియా గారు తలుపు వేసి అడిగారు. "పరంజ్యోతి గారూ, కోపం తెచ్చుకోకండి. నీడలకు మీరు పోసేది నేను చెప్పిందేనా? మీ తైలం గియిలం ఏమన్నా..."

"అభిషేక తైలం నా జేబులో ఉంటుంది, మీ పలకలో కాదు. మీ లెక్క తప్పని ఎందుకు అనుకోరు?"

"అదీ అనుకున్నాను. మూడుసార్లు చూశాను. మీ నీడ మాట వింటోంది, మీ వదిన ఒళ్ళు వినడం లేదు. రెంటిలో ఒకటి అబద్ధం చెప్తోంది."

"మా వదిన అబద్ధం చెప్పదు."

"నేనూ అదే అంటున్నాను, అయినా కోపం వస్తోంది మీకు."

తర్వాత ఆమె మెల్లగా చెప్పిన మాట నన్ను కూలేసింది. మొండి కణాలు సగం దాటితే ఈ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత విరామం ఇచ్చినా వినేవి గెలవలేవు. ఇప్పటికే సగానికి దగ్గరలో ఉన్నాయి. ఆరోగ్య సభ వాళ్ళు ఈ వైద్యాన్నే ఆపేయమంటున్నారట. వదిన వెనకాల వరసలో ఇంకా రోగులున్నారు, వాళ్ళకూ తలుపు మూసేస్తారు.

గదిలో మోకాళ్ళూనాను. దేవా, మనిషికీ నీడకూ నీ వాక్యం ఒకటే, నాకు తెలియని దారి ఏదో వదిన ఇంటి దాకా ఉంది, చూపించు అన్నాను. పరిశోధన కూడా ప్రార్థనే, అడిగి, వెదికి, తట్టడమే అని నా నమ్మకం.

పొట్ట దశ, శనివారం

చూపించాడు. కంచంలో చూపించాడు.

రక్తం తీసుకోవడానికి రజియా గారు వదిన ఇంటికే వచ్చారు. నేను బుట్టతో అప్పుడే గడపలో ఉన్నాను. వదిన వంట చేసి ఉంది. మా ఇళ్ళల్లో వేళకు వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపరు.

"సూది తర్వాత. ముందు రెండు ముద్దలు తినండి డాక్టరమ్మా. చింతచిగురు పప్పు."

"వద్దమ్మా, పనుంది."

"నా నెత్తురు తీసుకుపోతారు, నా మెతుకు తీసుకోరా? ఇదేం న్యాయం?"

రజియా గారు నవ్వుతూ కూర్చున్నారు. కంచంలో అన్నం పడింది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

"అమ్మా, ఈ అన్నం ఎర్రగా ఉంది."

"ఎర్రగా ఉండక నల్లగా ఉంటుందా?"

"మీకు తెల్ల బియ్యం బస్తా పంపించాను కదా. విరామంలో అదే తినమన్నాను."

"అదా," అంది వదిన. "అది పసిపిల్లల బియ్యం. ముసలిముండను, నాకెందుకు? పక్కింటి కెజియాకు ఇచ్చేశాను, బాలింత. నాకు సంఘం బియ్యం ఉన్నాయిగా. అందరూ నోరు కట్టుకుని పంపిన పిడికిళ్ళు, అవి కాదని వేరే వండుకుంటానా? అయినా కంచె మంచిదే కదా డాక్టరమ్మా. కంచె ఎక్కువైతే చేను చెడుతుందా?"

రజియా గారు నా బుట్ట వైపు చూశారు. ఇదేమిటని అడిగారు. పిడికెడు బియ్యం అంటే ఏమిటో చెప్పాను. నేను చెబుతుంటే నా మాట నాకే వినబడటం మొదలైంది.

"మందు ఆపారా అని ప్రతిసారీ అడిగాను," అన్నారామె.

"ఆపానన్నాను. ఆపాను కూడా. మాత్ర ముట్టలేదు," అంది వదిన. "అన్నాన్ని ఎవరు మందనుకుంటారమ్మా?"

ఎవరూ అనుకోలేదు. నేను రోజూ నీడలకు మేత మార్చేవాణ్ణి, గింజలో మందుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, నా భుజం మీద మోసినవాణ్ణి, నేనూ అనుకోలేదు. అర్పణ చేసిన బియ్యం మాకు బియ్యం కాదు. అది ప్రేమ. ప్రేమలో ఎంత మందుందో ఎవరు తూస్తారు?

పాలకంకి దశ, గురువారం

అనుమానం వేరు, రుజువు వేరు. తోమా గాయాల్లో వేలు పెట్టి చూస్తేనే నమ్ముతానన్నాడు, ప్రభువు అతన్ని వెళ్ళగొట్టలేదు. మేమూ వేలు పెట్టాం.

వదిన నీడను రెండు భాగాలు చేశాను. ఒకదానికి విరామంలో ఉత్త నీళ్ళు. రెండోదానికి అవే నీళ్ళలో, వదిన తినేపాటి కంచె బియ్యంలో ఉండే మందు. మాత్రలో ఉన్నదీ ఆ మందే. మోతాదు రజియా గారు లెక్క కట్టారు, చుక్కలు నేను వేశాను. ఇవాళ కలిసి చూశాం. మొదటిది పచ్చగా ఉంది. రెండోదాంట్లో పచ్చ అణగిపోయింది, ఎర్ర పాకుతోంది. అచ్చం వదిన రక్తం లాగానే.

ఆ కొద్దిపాటి మందు మాలాంటి వాళ్ళను కాపాడుతుంది. గడ్డ ముదిరిన వదినలో మాత్రం వినే కణాలను తల ఎత్తనివ్వదు, మొండివాటికి నీళ్ళు పోస్తుంది.

"సగం దాటిందా?" అని అడిగాను.

"అంచు మీద ఉంది. ఇప్పటి నుంచి ఎర్ర మెతుకు ఆమె నోట్లో పడకపోతే వెనక్కి తిప్పగలమని నా నమ్మకం." ఆగి అన్నారు, "తప్పు నాది కూడా. ఏం తింటున్నారు అని అడగలేదు. మందు గురించే అడిగాను."

"ఏడ్చే పని తర్వాత చేద్దాం డాక్టరమ్మా. ఆదివారం నాకు వేరే పనుంది."

పాలకంకి దశ, ఆదివారం

ఇంత కష్టమైన ప్రసంగం నేను చేయలేదు. పిడికిలి పెద్దది చేయమన్న నోటితోనే, ఇకమీదట సలోమమ్మ ఇంటికి ఒక్క గింజ వెళ్ళకూడదని చెప్పాను. ఎందుకో చెప్పాను. రెండు పలకలూ తెచ్చి చూపించాను.

సంఘ పెద్ద ఏలియా గారు లేచారు. "రోగి గిన్నెలోంచి బియ్యం తీసే సంఘాన్ని నేను ఎరగను పరంజ్యోతీ. మన ఆచారం తప్పంటావా?"

"ఆచారం తప్పు కాదు పెద్దయ్యా. సబ్బాతు విశ్రాంతి మంచిదే. సబ్బాతు నాడు గుంటలో పడిన గొర్రెను తీయొద్దంటే తప్పు. ఆమె గుంటలో ఉంది. మనం పైనుంచి ప్రేమతో బియ్యం పోస్తున్నాం."

వదిన మాట్లాడింది. వెనక చాప మీంచి, లేవకుండానే.

"అంటే నన్ను వెలి వేస్తున్నావా మరిదీ? అందరి ముద్దా ఎర్రగా, నా ఒక్కదానిదే తెల్లగానా?"

అప్పుడు కెజియా చంకలో బిడ్డతో లేచింది. బస్తా తెచ్చి వదిన ముందు పెట్టింది.

"తీసుకోండత్తా. నాలుగు వంతుల్లో మూడు ఉన్నాయి."

"తీసుకుపోవే. పిల్లదానికి పాలు తగ్గిపోతాయి."

"నా వంతు బియ్యం నాకు సరిపడా వస్తున్నాయత్తా. మీరిచ్చింది..." కెజియా తలొంచుకుంది. "మీరిచ్చింది మా ఆయన తింటున్నాడు. రుచిగా ఉందని."

సంఘమంతా ఆయన వైపు తిరిగింది. ఆయన కప్పు వైపు చూశాడు. వదిన ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. "సరే, ఇటు పెట్టు. బాలింత మొగుడి బియ్యమైతే తినడానికి నాకేం సిగ్గు లేదు."

కోత ముందు వారం, బుధవారం

చివరి మడి ముందుగా పండింది. తెల్ల వడ్లు కోశాం. మిల్లులో ఆడిద్దామంటే రజియా గారు వద్దన్నారు. ఆ మిల్లు అంతా ఎర్ర తవుడే.

స్త్రీల సమాజం ఆ మాట పట్టుకుంది. ఇవ్వడానికి ఏదో ఒకటి కావాలి వాళ్ళకు. దంచుతాం అన్నారు. రోలు రాతితో చెక్కారు. రోకలి దగ్గర వచ్చింది చిక్కు. ఇక్కడ వస్తువుకు బరువు తక్కువ, కర్ర రోకలి ఎత్తితే హాయిగా లేస్తుంది, దిగడానికి బద్ధకిస్తుంది. మంచు బావిలో అరిగిపోయిన డ్రిల్లు కడ్డీ ఒకటి కోసి ఇచ్చాను. ఇద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఏలియా గారి భార్య అందరికంటే ముందు వంతు తీసుకుంది. ఆ తర్వాత ఏలియా గారే వచ్చి చెరగడం మొదలుపెట్టారు.

"మీరు చెరుగుతుంటే బియ్యం కూడా ఎగిరిపోతున్నాయి పెద్దయ్యా," అంది కెజియా.

"విశ్వాసంతో చెరుగుతున్నానే," అన్నారాయన.

వదిన ఒంటరిగా తినడం లేదు. రోజూ ఒక బాలింత కంచం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చుంటోంది. తెల్ల కంచాల పంక్తి. "పురిటింట్లో ఉన్నట్టుంది," అంటోంది వదిన.

కోత వారం, శుక్రవారం

ఇవాళ రక్తం ఫలితం వచ్చింది. రజియా గారు నన్ను పిలిచి తెర చూపించారు. గడ్డ బరువు పెరిగింది. బాగా పెరిగింది.

"ఇటు చూడండి," అన్నారామె. "పెరిగింది ఎవరో చూడండి."

పచ్చ. తెరంతా పచ్చ. వినే కణాలు వెల్లువలా తిరిగి వచ్చాయి. మొండివి సగం అంచు నుంచి బాగా కిందికి జారాయి, తోడే పనిలో అలిసి చోటు పోగొట్టుకున్నాయి. నా పలకా, వదిన ఒళ్ళూ మొదటిసారి ఒకే మాట చెప్పాయి.

"సోమవారం మాత్ర మొదలుపెడదాం. ఈసారి అది కొట్టాల్సిన వాళ్ళనే కొడుతుంది." రజియా గారు కుర్చీలో వెనక్కి వాలారు. "తర్వాత మళ్ళీ విరామం, మళ్ళీ మాత్ర. ఇలా చాలా ఏళ్ళు నడపొచ్చు పరంజ్యోతి గారూ. ఆరోగ్య సభ వాళ్ళు మిగతా రోగులకు కూడా సరేనన్నారు. ఒక్క షరతు, ఇంట్లో ఏం వండుతారో ముందు అడగాలట."

కోత వారం, ఆదివారం

లేఖనం తెరిచి పెట్టాను గానీ చదవలేదు. చెప్పాల్సింది ఒక్క వాక్యమే.

"సంఘమా, సలోమమ్మ గారి గడ్డ పెరిగింది."

కెజియా బిడ్డ ఒక్కతే ఏదో అంటోంది. ఎవరైనా లేచి ఏడుస్తారేమో అనుకున్నాను. ఏలియా గారు ఒక్క క్షణం నా ముఖం చదివారు. పలకలు చూసిన మనిషి, మడుల్లో జీవితమంతా గడిపిన మనిషి. ఆయనకు అర్థమైంది.

"వినేవేనా?"

"వినేవే పెద్దయ్యా."

"స్తోత్రం," అన్నారాయన. లేచి నిలబడి ఇంకోసారి అన్నారు. ముందు వరస అంది, వెనక వరస అంది, రోకలి పట్టి చేతులు బొబ్బలెక్కిన ఆడవాళ్ళంతా అన్నారు. గుహ కప్పు నుంచి సన్నటి దుమ్ము రాలింది.

వదిన చాప మీంచి మెల్లగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. స్తోత్రాలు ఆగేదాకా నిలబడి చూసింది.

"నా గడ్డ పెరిగిందని ఇంత సంబరపడే జనాన్ని నేను ఎక్కడా చూడలేదు," అంది. "ఇక ఆపండి. ఆరాధన కానివ్వండి. రేపు పొద్దున్నే లేచి మాత్ర వేసుకోవాలి."